గోదావరి మీద మంచు పొద్దు: నీటిరంగుల్లో ప్రశాంత దృశ్యాన్ని కూర్చే పద్ధతి

ప్రశాంతమైన చోటికి వెళ్ళి, అక్కడ కనిపించినదంతా శ్రద్ధగా గీస్తే ప్రశాంతమైన చిత్రం దానంతట అదే వస్తుందని కొత్తగా నేర్చుకునేవారు చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంతో గీసిన చిత్రాల్లో నది ఉంటుంది, పడవ ఉంటుంది, కొబ్బరిచెట్లు ఉంటాయి, ఉదయిస్తున్న సూర్యుడూ ఉంటాడు. నెమ్మది ఒక్కటే ఉండదు. చూసేవారి మనసు నిలకడగా ఉండాలా, ఉలిక్కిపడాలా అన్నది చిత్రంలోని వస్తువుల వల్ల తేలేది కాదు. వెలుగుకూ చీకటికీ మధ్య తేడా ఎంత, ఆ తేడా కాగితం మీద ఏ చోట పడింది, అంచులు ఎంత మెత్తగా కరిగాయి, ఖాళీ ఎంత మిగిలింది అన్న విషయాలే దానిని తేలుస్తాయి. రంగు వంతు ఆ తర్వాతే వస్తుంది.

ఈ వ్యాసంలో ఒకే దృశ్యాన్ని తీసుకుంటున్నాను. పుష్యమాసంలో కొవ్వూరు రేవు నుంచి తూర్పుకు చూస్తే కనిపించే గోదావరి, దాని మీద మంచు, కట్టేసిన ఒక పడవ. దీనిని తొలి ఆలోచన దగ్గరి నుంచి ఫ్రేము కట్టే దాకా వరసగా చెబుతాను. కొలతలు కూడా ఇస్తున్నాను, ఎందుకంటే కూర్పు గురించి కొలతలు లేకుండా మాట్లాడితే వినడానికి బాగుంటుంది కాని చేతికి అందదు.

సామగ్రి

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) బరువున్న కోల్డ్ ప్రెస్ రకం, అంటే పైభాగం కొద్దిగా గరుకుగా ఉండేది, కావాలి. పూర్తి ఇంపీరియల్ షీటు 22×30 అంగుళాలు ఉంటుంది. దానిని నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి 11×15 అంగుళాలు, అంటే దాదాపు 28×38 సెంటీమీటర్లు వస్తుంది. ఈ పనికి ఆ పరిమాణం చాలు. నూలుతో చేసిన కాగితం ధర ఎక్కువైనా మంచు చిత్రాలకు అదే కొనండి. అది తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, మెత్తని అంచులన్నీ ఆ తడి మీదే ఆధారపడతాయి. కుంచెల్లో అంగుళంన్నర వెడల్పున్న ఫ్లాట్ (చదును కుంచె), 12, 6 నంబర్ల రౌండ్ (గుండ్రటి) కుంచెలు, సన్నగీతలకు రిగ్గర్ అనే పొడవాటి సన్నకుంచె ఒకటి ఉంటే సరిపోతుంది.

రంగులు ఐదే: ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), పర్మనెంట్ రోజ్ (గులాబీ), కోబాల్ట్ బ్లూ, అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు). నలుపు వద్దు, అల్ట్రామెరైన్‌లో బర్న్ట్ సియన్నా కలిపితే కావలసినంత ముదురు వస్తుంది, పైగా అందులో ప్రాణం ఉంటుంది. పర్మనెంట్ రోజ్‌కు బదులు అలిజరిన్ క్రిమ్సన్ అసలు రకాన్ని వాడకండి. అది వెలుతురుకు వెలిసిపోయే రంగు. లేత పూతల్లో మరీ త్వరగా పోతుంది. ఈ చిత్రంలో దాదాపు అన్నీ లేత పూతలే.

ముందు భావం తేల్చుకోవాలి

"ప్రశాంతంగా ఉండాలి" అని అనుకోవడం సరిపోదు. ప్రశాంతతలో రకాలున్నాయి. పని ముగిసిన సాయంత్రపు తీరుబడి ఒకటి, ఇంకా ఏదీ మొదలుకాని తెల్లవారుజాము నిశ్శబ్దం ఒకటి, మనిషి జాడ లేని చోట కలిగే ఒంటరితనం ఇంకొకటి. మూడూ పైకి ఒకేలా కనిపించినా కాగితం మీద మూడు వేర్వేరు నిర్ణయాలను కోరతాయి. మన దృశ్యం రెండో రకం. కాబట్టి కాగితం వెనుక పెన్సిలుతో ఒక వాక్యం రాసుకోండి: "పడవ ఇంకా కదలలేదు, సూర్యుడు ఇప్పుడే మంచులోంచి తెలుస్తున్నాడు." ఆ తర్వాత ఏ సందేహం వచ్చినా, పక్షులు పెట్టాలా, వంతెన గీయాలా, ఆకాశం ఎర్రగా ఉండాలా అన్న ప్రశ్న ఎదురైనా ఆ వాక్యాన్నే అడగాలి. అలంకారశాస్త్రం చెప్పే రసభంగం చిత్రకళలోనూ ఇలాగే జరుగుతుంది. చేర్చిన వస్తువు చెడ్డదై కాదు, ఆ భావానికి పొసగనిదై ఉండటం వల్ల.

రష్యన్ చిత్రకారుడు ఐజాక్ లెవితాన్ 1894లో పూర్తిచేసిన ఒక పెద్ద చిత్రం మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. శాశ్వత శాంతి అన్న మాట దాని పేరులోనే ఉంటుంది. ఎత్తైన గట్టు మీద చిన్న చర్చి, కింద విశాలమైన నీరు, పైన అంతకంటే విశాలమైన ఆకాశం, అన్నీ అడ్డంగా పరచుకున్న ఆకారాలే. అయినా ఆ చిత్రం ముందు మనసు కుదురుకోదు, బెంగపడుతుంది. ఆకాశంలో పేరుకున్న బరువైన ముదురు మబ్బులు, వాటి కింద మరీ చిన్నదైపోయిన చర్చి ఆ పని చేస్తాయి. లెవితాన్ కోరుకున్నది అదే కనుక అది లోపం కాదు. మనం గ్రహించవలసింది ఏమిటంటే, విశాలమైన నీరూ అడ్డగీతలూ ఉన్నంత మాత్రాన నెమ్మది రాదు. పై భాగంలో ముదురు ఛాయల బరువు పెరిగితే అదే కూర్పు దిగులుగా మారుతుంది.

చోటు, వేళ, వెలుగు దిక్కు

రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది, కొవ్వూరు పడమటి ఒడ్డున ఉంది. ఈ చిన్న విషయమే చిత్రాన్ని సగం నిర్ణయిస్తుంది. ఉదయం రాజమహేంద్రవరం ఘాట్ల మీద కూర్చుంటే సూర్యుడు మీ వీపు వెనుక ఉంటాడు. ఎదుటి ఒడ్డు మీద వెలుతురు సూటిగా పడి, ప్రతి చెట్టూ ప్రతి గోడా రంగురంగులుగా విడివిడిగా కనిపిస్తుంది. వివరాలు పెరిగినకొద్దీ చూపు తిరగడం పెరుగుతుంది. అదే సమయంలో కొవ్వూరు రేవు నుంచి చూస్తే సూర్యుడు ఎదురుగా ఉండి, వస్తువులన్నీ నీడబొమ్మల్లా చదునై, రంగులు అణగిపోయి, నది మొత్తం ఒకే వెలుగులో కరిగి ఉంటుంది. మనకు కావలసింది ఇదే. ఉదయం లేవలేనివారు సాయంత్రం రాజమహేంద్రవరం వైపు నుంచి పడమటికి చూసి గీయవచ్చు. వెలుగు తీరు ఇంచుమించు అదే ఉంటుంది, మంచు మాత్రం ఉండదు.

డిసెంబరు చివర, జనవరి మొదట్లో అక్కడ సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో ఉదయిస్తాడు. ఆ రోజుల్లో సరిగ్గా తూర్పున కాక, దాదాపు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. కాబట్టి తూర్పుకు తిరిగి కూర్చున్నవారికి సూర్యుడు కుడివైపున కనిపిస్తాడు. చిత్రంలో వెలుగు కేంద్రం కుడిపక్కకు రావడానికి ఇది సహజమైన కారణం. మధ్యలోకి లాగవలసిన పని లేదు.

రేవులో రంగులు తీయకండి. సూర్యుడు కనిపించాక మంచు విచ్చిపోయేలోగా వెలుగు నిమిషనిమిషానికీ మారుతుంది, దాని వెంట పరుగెత్తితే మీ హడావిడి చిత్రంలోకి ఎక్కుతుంది. స్కెచ్ పుస్తకం, 4బి పెన్సిలు చాలు. కళ్ళు సగం మూసి చూసి, ఎక్కడ అన్నిటికంటే వెలుతురు, ఎక్కడ అన్నిటికంటే చీకటి, ఏయే అంచులు కనపడటం లేదు అనే మూడు విషయాలు రాసుకోండి. ఫోటో తీసుకోవచ్చు కాని దాన్ని నమ్మకండి. సూర్యుడికి ఎదురుగా తీసిన ఫోన్ ఫోటోలో నీడలు ఉన్నదానికంటే నల్లగా పడతాయి, లేదా సూర్యుడి చుట్టూ ఉన్న లేత పసుపు అంతా తెల్లటి మచ్చగా మారుతుంది.

అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన చిత్రకారుడు విస్లర్ 1870లలో థేమ్స్ నదిని రాత్రివేళ చిత్రించినప్పుడు దృశ్యాన్ని కళ్ళారా చూసి, గుర్తుంచుకుని, గదికి వచ్చి జ్ఞాపకం నుంచి పలుచని రంగుతో వేసేవాడు. ప్రశాంత దృశ్యానికి ఇది మంచి అభ్యాసం. జ్ఞాపకం అనవసరమైనవాటిని తానే వదిలేస్తుంది. రేవు నుంచి ఇంటికి వచ్చాక స్కెచ్ పుస్తకం తెరవకముందే ఒకసారి మనసులో ఉన్నదాన్ని అరచేయంత బొమ్మగా గీసి చూడండి.

ఇంకొక సూచన. రాజమహేంద్రవరం దాకా వెళ్ళినవారు అక్కడి దామెర్ల రామారావు చిత్రకళా మందిరాన్ని చూడకుండా రాకండి. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆ చిత్రకారుడి మూలచిత్రాలను దగ్గరగా చూస్తే, ముద్రణల్లో తెలియని పూతల పలుచన, అంచుల సున్నితత్వం కంటికి తెలుస్తాయి.

దూరాన్ని కొలవడం

ఈ దృశ్యంలో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండు ఊళ్ళ మధ్య నది వెడల్పు రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరంలో ఉన్న 15 మీటర్ల చెట్టు, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న కాగితం మీద నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు కూడా ఉండదు. నమ్మకం లేకపోతే చేయి చాచి స్కేలు పట్టుకుని చూడండి. అయినా అలవాటు కొద్దీ ఎదుటి ఒడ్డును రెండు సెంటీమీటర్ల ఎత్తున గీస్తారు. వెంటనే అంత పెద్ద నది కాస్తా చెరువైపోతుంది. విశాలతను నీటి రంగు చూపించదు, ఆ నాలుగు మిల్లీమీటర్లు చూపిస్తాయి.

రెండో కొలత పడవది. మీరు కూర్చున్న మెట్టు మీద మీ కన్ను నీటిమట్టానికి నాలుగు మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. నీటి మీద ఎక్కడ ఉన్న వస్తువైనా సరే, నీటి నుంచి నాలుగు మీటర్ల ఎత్తు ఉంటే దాని కొస క్షితిజరేఖను తాకుతుంది. రెండు మీటర్ల ఎత్తు ఉంటే సగం దాకా వస్తుంది. పడవ పక్కన పాతిన రాట నీటిపైకి రెండు మీటర్లు ఉంటే, దాని పాదానికీ క్షితిజరేఖకూ మధ్య దూరంలో సరిగ్గా సగం దగ్గర ఆగాలి. ఈ లెక్క తప్పితే పడవ నీటి మీద కాక గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. చూసేవారు కారణం చెప్పలేరు, కాని ఏదో కుదరలేదని వారికి తెలుస్తుంది.

దాదాపు వంద మీటర్ల దూరంలో ఉన్న పడవ అడుగు, అదే కొలతలో క్షితిజరేఖకు రెండున్నర సెంటీమీటర్ల కింద పడుతుంది. ఏడు మీటర్ల నాటుపడవ పూర్తిగా పక్కకు తిరిగి ఉంటే నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు పొడవు, కొద్దిగా ఏటవాలుగా ఉంటే మూడున్నర దాకా వస్తుంది. 38 సెంటీమీటర్ల కాగితంలో అది పదోవంతు. ఈ చిత్రానికి అంతకుమించి పెద్ద పడవ అక్కర్లేదు.

కాగితాన్ని పంచడం

కాగితాన్ని అడ్డంగా పెట్టండి. క్షితిజరేఖను సరిగ్గా మధ్యలో గీస్తే ఆకాశమూ నీరూ సమానంగా పోటీపడి, రెండింటిలో ఏది ముఖ్యమో తేలదు. 28 సెంటీమీటర్ల ఎత్తులో పైనుంచి పదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఎదుటి ఒడ్డు నీటిగీత పెట్టండి. పైన ఆకాశం పదిన్నర, కింద నీరూ ఇసుకా కలిసి పదిహేడున్నర. ఇది ఇంచుమించు మూడుకు ఐదు పాళ్ళు. మూడో వంతు సూత్రం, సువర్ణ నిష్పత్తి వంటి పేర్ల గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. భాగాలు అసమానంగా ఉండాలి, వాటిలో ఒకటి స్పష్టంగా పెద్దదిగా ఉండాలి, అంతే.

నీటిగీతను స్కేలుతో సరిచూడండి. పర్వతాలూ మబ్బులూ కొంచెం వంగినా ఎవరూ పట్టించుకోరు, నిలకడ నీరు ఒక్క మిల్లీమీటరు వాలినా నది ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

పడవను ఎడమ అంచు నుంచి 24 సెంటీమీటర్ల దగ్గర, పైనుంచి 13 సెంటీమీటర్ల దగ్గర ఉంచండి. సూర్యుడు ఎడమ నుంచి 26 సెంటీమీటర్ల దగ్గర, ఒడ్డుకు రెండు వేళ్ళ ఎత్తున ఉంటాడు. అతని వెలుగుదారి నీటి మీద నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. పడవ ఆ వెలుగుదారి ఎడమ అంచును తాకుతూ ఉండటం వల్ల, చిత్రంలోని గాఢమైన చీకటీ గొప్ప వెలుగూ పక్కపక్కన ఒకేచోట కలుస్తాయి. చూపు నిలిచే చోటు అదొక్కటే. రెండో చోట అంత తేడా పెట్టకూడదు. పెడితే కన్ను ఆ రెండింటి మధ్య తిరుగుతూ ఉంటుంది, ప్రశాంతత అక్కడితో పోతుంది. పడవ ముక్కు ఎడమవైపు, ఖాళీ నీటి వైపు తిరిగి ఉండాలి. కుడి అంచు వైపు తిరిగితే చూపు కాగితం దాటి వెళ్ళిపోతుంది.

పడవలో మనిషిని పెట్టాలా? నా మటుకు వద్దనే అంటాను. గడ వేస్తూ నిలబడ్డ సరంగు అందమైన ఆకారమే, కాని అతను వచ్చిన క్షణం నుంచి చిత్రం అతని పని గురించి అవుతుంది. "పడవ ఇంకా కదలలేదు" అని మనం రాసుకున్న వాక్యానికి రాట సరిపోతుంది. అన్నీ అడ్డంగా సాగే ఈ చిత్రంలో ఆ ఒక్క చిన్న నిలువుగీత దారం ముడి వేసినట్టు కూర్పును పట్టి ఉంచుతుంది.

ఎడమవైపు కింది మూలలో ఇసుక తిన్నె, దాని మీద రెల్లు దుబ్బులు వస్తాయి. తిన్నె ఎడమ అంచు దగ్గర ఐదు సెంటీమీటర్ల ఎత్తున మొదలై, కుడికి పోయేకొద్దీ సన్నబడి, కాగితంలో మూడింట రెండు వంతుల దగ్గర నీటిలో కలిసిపోవాలి. మూల నుంచి మూలకు నేరుగా పోయే వాలుగీత కదలికను తెస్తుంది. ఇక్కడ ఆ వాలు చాలా తక్కువగా ఉండి, మధ్యలో రెండుచోట్ల నీరు లోపలికి చొచ్చుకువచ్చి విరిగితే మంచిది. రెల్లు శరదృతువులో పూస్తుంది, ఆశ్వయుజ మాసంలో లంకలు తెల్లగా కనిపించేది దానివల్లే. పుష్యమాసం నాటికి పూత రాలి గడ్డి రంగు దుబ్బులే మిగులుతాయి. తెల్ల పూలు గీయాలని అనిపిస్తుంది గాని, ఈ వెలుగులో అవి కాలానికీ చెల్లవు, కూర్పుకూ చెల్లవు. ఎడమ మూలలో అవి రెండో వెలుగుమచ్చగా మారతాయి.

ఇక వంతెన. 1997లో రైళ్ళకు తెరిచిన ఆర్చి వంతెన విల్లుల వరస ఆ తీరానికి గుర్తు. ఇరవైకి పైగా ఉన్న ఆ విల్లులన్నీ గీస్తే కన్ను వాటిని లెక్కపెడుతూ నది దాటిపోతుంది. అది లయ, దాని అందం దానిది, కాని అది వేరే చిత్రం. వంతెన లేకపోతే గోదావరి అని తెలియదేమోనన్న బెంగ ఉంటే, ఎడమ చివర రెండు విల్లులు మంచులోంచి లీలగా తెలిసి, మూడోది కరిగిపోయేలా పెట్టండి.

మూడు ఛాయల చిన్నబొమ్మలు

ఐదు సెంటీమీటర్ల ఎత్తు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పెట్టెలు కొన్ని గీసుకుని, ఒక్కోదానిలో ఈ కూర్పును తెల్ల కాగితం, లేత బూడిద, ముదురు అనే మూడు ఛాయలతోనే పూరించండి. పడవను అటూ ఇటూ జరిపి, ఒడ్డును పైకీ కిందికీ మార్చి చూడండి. వివరాలకు చోటు లేనంత చిన్నగా ఉండటమే వీటి ప్రయోజనం. చేయి చాచి పట్టుకున్నప్పుడు చిన్నబొమ్మలోనే నెమ్మది కనిపించకపోతే పెద్ద కాగితంలో అది రాదు. ఎన్ని మంచి రంగులు వేసినా రాదు.

ఇప్పుడు ఛాయల పట్టిక వేసుకోవాలి. కాగితపు తెలుపును 1 అనీ, గాఢమైన నలుపును 10 అనీ అనుకోండి. సూర్యుడూ వెలుగుదారీ 1. ఆకాశం 2 నుంచి 3 దాకా. ఎదుటి ఒడ్డు 4. నీరు దూరాన 2, దగ్గరకు వచ్చేకొద్దీ 4. తిన్నె 5, దుబ్బులు 6. పడవ ఒక్కటే 8. గమనిస్తే కాగితంలో తొంభై పాళ్ళకు పైగా 2కూ 5కూ మధ్యనే ఉంది. 8 అన్నది గోరంత చోటు. ఈ ఇరుకైన మెట్లలోనే మంచు, దూరం, నిశ్శబ్దం అన్నీ చూపాలి. ఎదుటి ఒడ్డును 6కు తీసుకువెళ్తే మంచు విచ్చిపోయి, సమయం ఎనిమిది గంటలకు జరుగుతుంది.

నీటిరంగు ఆరాక తేలిపోతుంది. తడిగా ఉన్నప్పుడు 4గా కనిపించినది ఆరేసరికి 3 అవుతుంది. అందువల్ల ప్రతి పూతనూ అనుకున్నదానికి ఒక మెట్టు ముదురుగా కలిపి, చిత్తుకాగితం మీద వేసి, ఆరాక చూసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కాని దీనిని దాటవేయడానికి వీల్లేదు.

రంగు గురించి కొద్దిగా

దూరం పోయేకొద్దీ రంగు నీలంగా మారుతుందన్న సూత్రం అందరికీ తెలుసు. సూర్యుడు మీ వెనుక ఉన్నప్పుడు అది నిజం. పాపికొండలు నీలంగా కనిపించేది అందుకే. ఉదయించే సూర్యుడికి ఎదురుగా చూసినప్పుడు మాత్రం దూరం వెచ్చబడుతుంది, లేతబడుతుంది. మంచులో ఎదుటి ఒడ్డు ఆకాశం రంగుకే దగ్గరవుతుంది. కాబట్టి సూర్యుడి కింద ఉన్న ఒడ్డు భాగంలో గులాబీ, పసుపు కలిసిన బూడిద. ఎడమకు పోయేకొద్దీ కోబాల్ట్ పాలు పెంచాలి.

వరదల కాలంలో గోదావరి ఎర్రనీటితో ఉంటుంది, ఆ రోజుల్లో గీస్తే నీటికి బర్న్ట్ సియన్నా ప్రధానం. శీతకాలంలో నీరు తేటపడి ఆకాశాన్ని చూపిస్తుంది. అయితే అది దూరపు నీటికే. మీ పాదాల దగ్గరి నీటిలోకి చూపు నిలువుగా దిగుతుంది గనుక అక్కడ ఆకాశం తక్కువ, నీటి సొంత రంగు ఎక్కువ. కింది భాగంలో ఆకుపచ్చ తగిలిన బూడిదను కోబాల్ట్, ఆకర్, చిటికెడు సియన్నాతో కలుపుకోండి. నారింజ విషయంలో చేయి బిగబట్టాలి. క్యాలెండర్ సూర్యోదయాలు చూసి అలవాటైన కన్ను ఎర్రని గోళాన్ని కోరుతుంది. మంచులో సూర్యుడు కాగితపు తెలుపుకు ఆకర్ నీడ తగిలినంత మాత్రమే ఉంటాడు.

చిత్రించే క్రమం

కాగితాన్ని బోర్డుకు నాలుగువైపులా టేపుతో బిగించి, వెనుక రెండంగుళాల ఎత్తు పెట్టండి. పెన్సిలు గీతలు ఒడ్డు, పడవ, రాట, తిన్నె అంచు వరకే. మూడు గిన్నెల్లో రంగునీళ్ళు ముందే కలిపి ఉంచండి: ఆకర్‌లో చుక్క రోజ్, కోబాల్ట్‌లో రోజ్ కలిపిన ఊదా బూడిద, దగ్గరి నీటి ఆకుపచ్చ బూడిద. పూత మధ్యలో రంగు అయిపోయి మళ్ళీ కలపవలసి వస్తే గీత పడుతుంది.

ఫ్లాట్ కుంచెతో కాగితమంతా శుభ్రమైన నీటితో తడపండి. ఒక నిమిషం ఆగి, మళ్ళీ తడపండి; నూలు కాగితం మొదటిసారి తడిని లోపలికి తాగేస్తుంది. సూర్యుడి చోటు వదిలి, దాని చుట్టూ వెచ్చని పూత పరచి, ఎడమ పైమూల నుంచి ఊదా బూడిదను తీసుకువచ్చి రెండూ తమంతట తాము కలిసేలా వదలండి. కుంచెతో రుద్ది కలపవద్దు. ఒడ్డు గీత దగ్గర ఆగకుండా అదే పూతను నీటిలోకి దింపండి. ఆకాశమూ నీరూ ఒకే పూతలో పుట్టడం ఈ చిత్రంలో అన్నిటికంటే ముఖ్యమైన పని. విడివిడిగా వేస్తే అవి విడివిడిగానే మిగిలిపోతాయి. వెలుగుదారిని తెల్లగా వదిలి, కింది భాగంలో ఆకుపచ్చ బూడిదను అడ్డుగీతలుగా కలపండి.

తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. కాగితం మీద నీటి మెరుపు నిలువెల్లా ఉన్నంతసేపు ఏమీ చేయకూడదు. వెలుతురుకు ఏటవాలుగా చూస్తే మెరుపు అణగి, పట్టుబట్ట మీది నిగ్గులా మిగిలే ఒక దశ వస్తుంది. ఎదుటి ఒడ్డును వేయవలసింది అప్పుడే. 6 నంబరు కుంచెను నీటిలో ముంచి, గుడ్డకు అద్ది, పాలెట్ మీది చిక్కని రంగును తీసుకోండి. నియమం ఒక్కటే: కుంచెలో తడి కాగితంలోని తడి కంటే తక్కువగా ఉండాలి. ఎక్కువైతే ఆ నీరు చుట్టూ ఉన్న రంగును నెట్టి, కాలీఫ్లవర్ పువ్వు ఆకారంలో మచ్చ చేస్తుంది. ఒడ్డు పై అంచు దానంతట అది మెత్తగా విచ్చుకుంటుంది. కింది అంచును, అంటే నీటిగీతను, కాగితం మరికాస్త ఆరాక రెండు మూడు చోట్ల మాత్రమే గట్టిపరచండి. మిగిలినచోట్ల ఒడ్డూ నీరూ తెలియకుండా కలిసిపోవాలి.

కోస్తాలో శీతకాలపు ఉదయాల్లో గాలిలో తేమ ఎక్కువ, ఈ దశ చాలాసేపు సాగుతుంది. వేసవిలో ఫ్యాను కింద పని చేస్తే కళ్ళు మూసి తెరిచేలోగా దాటిపోతుంది. మంచు చిత్రానికి ఫ్యాను ఆపేయడమే మేలు. హెయిర్ డ్రయ్యర్‌ను ఇంకా మెత్తగా విచ్చుకుంటున్న అంచు మీద వాడితే అది అక్కడే బిగుసుకుపోతుంది, కాబట్టి పూత పూర్తిగా నిలిచాకే తీయండి.

పూర్తిగా ఆరనిచ్చి తిన్నెకు రండి. ఆకర్, సియన్నా, కాస్త అల్ట్రామెరైన్‌తో ఒకే పూత వేసి, తడిలోనే దుబ్బుల పాదాల దగ్గర ముదురు తగిలించండి. అల్ట్రామెరైన్ కాగితపు గుంటల్లో రేణువులుగా దిగుతుంది, ఇసుకకు అదే గరుకుదనాన్ని ఇస్తుంది. రెల్లు ఆకులను ఒక్కొక్కటిగా గీయకండి. దుబ్బును ముందు ఒక ముద్దగా వేసి, అంచున రిగ్గర్‌తో ఏడెనిమిది గీతలు లాగితే చాలు. ఎక్కువ భాగం ఒకే వైపు వాలి, ఎత్తులు వేర్వేరుగా ఉండాలి. ఇవి పడవ కంటే స్పష్టంగా కనిపిస్తే తడి కుంచెతో అద్ది వెనక్కి తగ్గించండి.

పడవ చివరిది. అల్ట్రామెరైన్, సియన్నా చిక్కగా కలిపి ఒక్క కుంచె ఊపులో పడవ ఒళ్ళు వేయండి. పై అంచున వెలుగు తగిలే చోట వెంట్రుకవాసి కాగితం వదలాలి. రంగు తడిగా ఉండగానే అడుగు నుంచి దాని ప్రతిబింబాన్ని కిందికి లాగండి. నీటిలో ముదురు వస్తువు ప్రతిబింబం అసలుకంటే కొంచెం లేతగానూ, లేత వస్తువుది కొంచెం ముదురుగానూ ఉంటుంది, అందువల్ల పడవ 8 అయితే ప్రతిబింబం 6 లేదా 7. రాట ప్రతిబింబం రాట పాదం నుంచే, నిట్టనిలువుగా దిగాలి; రాట ఎడమకు వాలి ఉంటే ప్రతిబింబమూ ఎడమకే వాలుతుంది. నిశ్చలమైన నీటిలో రెండింటి పొడవూ ఇంచుమించు సమానం, చిన్న అలలుంటే ప్రతిబింబం సాగి ముక్కలవుతుంది. ఆరాక ఫ్లాట్ కుంచె అంచును తడిపి, ప్రతిబింబానికి అడ్డంగా ఒకటి రెండు సన్నని గీతలు ఎత్తేస్తే నీటి చదును తెలుస్తుంది. ఇక్కడికి పని ముగిసినట్టే.

పరీక్ష, సవరణ

చిత్రాన్ని గోడకు ఆనించి, తలకిందులు చేసి చూడండి. తర్వాత అద్దంలో చూడండి. బరువు ఒక పక్కకు లాగుతుంటే ఈ రెండింటిలో తెలిసిపోతుంది. ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీసి, మీ ఛాయల పట్టికతో పోల్చండి. ఎడమ మూల దుబ్బులు పడవతో సమానంగా నల్లబడి ఉంటే వాటిని తగ్గించాలి. పడవ తేలిపోయి కనిపిస్తే దానికి ఇంకొక పూత వేయకముందు దాని చుట్టూ ఉన్న ముదురు ఏదైనా తగ్గించగలరేమో చూడండి. చాలాసార్లు అదే సరైన సవరణ.

ఆకాశం బోసిగా ఉందని ఈ దశలో పక్షులను చేర్చాలనిపిస్తుంది. రెండు వంపుగీతల పక్షులు చిత్రలేఖనంలో ఎంత అరిగిపోయాయో చెప్పనక్కర్లేదు. అంతకంటే ముఖ్యంగా, తెల్లని ఆకాశంలో నల్లని చుక్క ఎంత చిన్నదైనా పడవతో పోటీకి దిగుతుంది. ఆకాశం మరీ ముదిరిపోయిందనుకుంటే, పూర్తిగా ఆరాక శుభ్రమైన నీటితో తడిపి, మెత్తని గుడ్డతో అద్ది ఒక మెట్టు తగ్గించవచ్చు. కోబాల్ట్ ఇందుకు లొంగుతుంది. రెండు మెట్లు తప్పితే కొత్త కాగితం తీయడమే నయం.

మౌంటు, ఫ్రేము

లేత చిత్రానికి మెరిసే తెల్లని మౌంటు (చిత్రం చుట్టూ అంచుగా పెట్టే అట్ట) పెడితే చిత్రంలోని తెలుపు మురికిగా కనిపిస్తుంది, అందుచేత కొద్దిగా పసుపు తగిలిన తెలుపును ఎంచుకోండి. పైనా పక్కలా ఏడు సెంటీమీటర్లు, కింద ఎనిమిదిన్నర వదలండి. కింద ఎక్కువ వదలకపోతే చిత్రం ఫ్రేములో జారినట్టు ఉంటుంది. ఆమ్లం లేని మౌంటు బోర్డు అడిగి తీసుకోవాలి. మామూలు అట్ట కొన్నేళ్ళకు పసుపెక్కి, కాగితం అంచులకు ఆ మరక ఎక్కిస్తుంది. అద్దం కాగితాన్ని తాకకూడదు, మౌంటు మందమే ఆ ఎడాన్ని ఇస్తుంది. కోస్తా ఇళ్ళలో వర్షాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి గనుక ఫ్రేము వెనుక కింది రెండు మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి. లేకపోతే బూజు ముందుగా పట్టేది లేత పూతలున్న ఆకాశం మీదే. కిటికీకి ఎదురుగోడ కాకుండా పక్కగోడకు, కూర్చున్నవారి కంటి ఎత్తుకు కొంచెం పైన తగిలించండి.